ఇరవై ఎనిమిది పేర్లు

నవంబర్ 4

తమ్ముడు కోహేయికి,

దీవిలో కమలాల కోతలు మొదలయ్యాయి. మీ బావ నడుం పట్టేసిందని నిచ్చెన ఎక్కడం మానేసి, కింద నిలబడి నాకు సలహాలిస్తున్నాడు. ఒక పెట్టె పంపాను. పైవరసలోవి ముందు తినండి. అడుగువి ఇంకా పులుపు. ఒకదానికొకటి తగలకుండా పరచమని రిత్సుకోకి చెప్పు, పోయినేడు సగం బూజు పట్టించారు.

చలికాలం వచ్చిందంటే ఇక్కడ పొయ్యి చుట్టూ చేరి జట్టు కబుర్లు తప్ప వేరే పని లేదు. ఈసారి ఆ కబుర్లు నాకు నచ్చడం లేదు. ఉత్తరాది జట్టు నుంచి పేరుమోసిన బ్యాటర్ కురమోచిని మన బేస్‌బాల్ జట్టు షియోమి కొంగల్లోకి తెస్తారని పత్రికలు రాస్తున్నాయి. ఏప్రిల్ నుంచి అక్టోబర్ దాకా రేడియో పక్కన కూర్చుని ప్రతి ఆటా రాసుకున్నదాన్ని కాబట్టి అడుగుతున్నాను, ఎందుకు? మనం ఓడింది పరుగులు రాక కాదు. తొమ్మిదింటిలో ఏడో ఇన్నింగ్స్ దాటాక చేతిలో ఉన్నది జార్చుకుని ఓడాం. చివర్లో ఎడమచేత్తో బంతి విసిరే పిచర్ కావాలంటే మన హరు ఒక్కడే. ముప్ఫైనాలుగేళ్ళ వాణ్ణి రోజు విడిచి రోజు దింపారు. ఫస్ట్ బేస్‌లో ఉన్న కుర్రాడు బాగానే కొడుతున్నాడు, ఆ చోటికే ముప్ఫైఆరేళ్ళ కురమోచిని తెస్తారట. పైకప్పు కారుతుంటే తలుపుకి కొత్త రంగు వేయించినట్టుంది మీ వ్యవహారం.

నా గొడవ అలా ఉంచు. కికునో పిన్ని రోజూ అడుగుతోంది. ఎదురింట్లో ఉండి, ఆమె కొడుకు హరుని తీసుకెళ్ళిన జట్టు ఆఫీసులో తమ్ముణ్ణి పెట్టుకుని, తెలియదని ఎలా చెప్పను? హరుకి ఈ ఏడు జట్టు మారే హక్కు వచ్చింది కదా. పదమూడో తేదీలోగా కాగితం ఇస్తేనే చెల్లుతుంది, లేకపోతే ఇంకో ఏడు ఆగాలి. దక్షిణాన వాడి భార్య పుట్టిన ఊరి జట్టువాళ్ళు రమ్మంటున్నారు, ఆట మానేశాక శిక్షకుడిగా పెట్టుకుంటామనీ అన్నారట. వాడి కూతురు ఏప్రిల్‌లో బడిలో చేరుతుంది. వాడికి మాత్రం మనసంతా కొంగల మీదే ఉంది.

నా భయం వేరు. కురమోచిని తెస్తే ఉత్తరాదివాళ్ళు బదులుగా మన వాళ్ళలో ఒకణ్ణి పట్టుకుపోవచ్చు. పిన్నికి అర్థం కావాలని ఇలా చెప్పాను: "కొత్తగా కొన్నందుకు బదులు వాళ్ళు మన ఇంట్లోంచి ఒక వస్తువు ఎత్తుకుపోతారు పిన్నీ. ముట్టుకోకూడనివి ఇరవై ఎనిమిది మాత్రం మనం రాసిపెట్టుకోవచ్చు." ఆమె వెంటనే అడిగింది, "ఆ ఇరవై ఎనిమిదిలో మా హరు ఉంటాడా అమ్మాయ్?"

ఆ ప్రశ్న నీకు పంపుతున్నాను. రాత్రుళ్ళు మెడకి గుడ్డ చుట్టుకో.

నీ అక్క,
సుమియే

---

నవంబర్ 7

అక్కా,

కమలాలు అందాయి. రిత్సుకో నీ మాట ప్రకారం ఒక్కొక్కటీ పరుస్తుంటే ఇల్లంతా నేల కనిపించడం లేదు.

జాబితాల గురించి బయట మాట్లాడకూడదని మా దగ్గర కట్టుబాటు. కాబట్టి ఉద్యోగిగా ఏమీ చెప్పలేను. నీ తమ్ముడిగా చెబుతున్నాను. హరుని వదులుకోవడమంటే కొంగకి మేమే కాలు విరవడం. వాడి పేరు రాయకుండా మా దగ్గర ఏ జాబితా మొదలుకాదు. పద్దెనిమిదేళ్ళప్పుడు వాళ్ళ నాన్న ముందు మోకాళ్ళ మీద కూర్చుని, వాణ్ణి కడదాకా చూసుకుంటామని మాటిచ్చి తీసుకొచ్చినవాణ్ణి నేనే కదా. ఆ మాట మరిచిపోతానా?

పిన్నిని దిగులు పెట్టుకోవద్దని చెప్పు. హరు కూడా తొందరపడకుండా ఉంటే మంచిది.

కోహేయి

---

నవంబర్ 16

కోహేయి,

నీ ఉత్తరం ఎక్స్‌ప్రెస్ పోస్టులో వచ్చింది. పోస్టతను తలుపు కొడితే ఎవరైనా పోయారేమోనని మీ బావ అన్నం మధ్యలో లేచాడు.

చదవగానే రేవుకి పరుగెత్తాను. పిన్ని అక్కడ తన కొట్లో చేపవడలు వేయిస్తోంది. పడవ దిగినవాళ్ళు వరసలో ఉన్నారు. "చేతులు నూనె, నువ్వే చదువు" అంది. గట్టిగానే చదివాను, వరసలో ఉన్నవాళ్ళంతా విన్నారు. కొంగకి కాలు విరవడం అన్నచోట టికెట్టు గదిలో కూర్చునే ముసలాయన, "చూశారా, కోహేయి మనవాడు. ఎక్కడున్నా మనవాడే" అన్నాడు. నాకు గర్వం కలిగింది, దాచుకోను.

పిన్ని ఆ సాయంత్రం మా ఇంటి ఫోన్లోంచే హరుకి చేసింది. నేను పక్కనే ఉన్నాను. "నాన్న ఉంటే ఏమనేవారో అదే అంటున్నాను రా. కోహేయి రాశాడు, సుమియే చదివింది. ఇంకేం కావాలి?" అంది. అవతల వాడు, "అన్న రాశాడంటే సరేనమ్మా. మా ఆవిడకి నేను నచ్చజెప్పుకుంటాను" అన్నాడట. పదమూడో తేదీ దాటింది. వాడు కాగితం ఇవ్వలేదు. దక్షిణాదివాళ్ళు నిన్న వేరే పిచర్ని తీసుకున్నారని పత్రికలో వచ్చింది.

పిన్ని మాకు ఒక పళ్ళెం నిండా వడలు తెచ్చి ఇచ్చింది. మీ బావ ఒక్కడే ఐదు తిన్నాడు.

కురమోచి సంగతిలో మాత్రం నా అభిప్రాయం మారలేదు. వాడికి ఎడమ మోకాలు బాగాలేదు, రెండో బేస్ నుంచి హోమ్ బేస్‌కి పరుగెత్తి రావడానికి పెళ్ళి ఊరేగింపంత సేపు పడుతుంది.

అక్క

---

డిసెంబర్ 22

అక్కా,

ఆలస్యానికి ఏమీ అనుకోకు, ఇక్కడ ఊపిరాడడం లేదు. కురమోచి సంతకం చేశాడు, నువ్వు పత్రికలో చూసే ఉంటావు. ఆయన పక్కన ఫోటోలో కళ్ళు మూసుకుని ఉన్నది నేనే.

నీ లెక్కలు ఎప్పుడూ తప్పు కావు. కానీ జట్టు వంటిల్లు కాదక్కా. గోడలు బాగున్నాయని జనం టికెట్టు కొనరు. స్టేడియంలో మూడోవంతు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. కురమోచి బ్యాట్ పట్టుకుని నడిచొస్తే చాలు, పిల్లలు తండ్రుల చేతులు పట్టుకుని లాక్కొస్తారు. డైరెక్టర్ మునకాత గారు ఇది తన జీవితంలో ఆఖరి పందెం అంటున్నారు.

మొదటి ఆటకి రెండు టికెట్లు పంపుతున్నాను, నీకూ పిన్నికీ. మూడో బేస్ పక్కన, హరు ఆటలోకి దిగేముందు బంతులు విసిరి చూసుకునే చోటు కనిపిస్తుంది.

కొత్త సంవత్సరానికి రాలేను. నాన్న పటం ముందు నా వంతు సారా కూడా నువ్వే పొయ్యి.

కోహేయి

---

జనవరి 11

కోహేయికి,

నీ టికెట్లు ఇందులోనే తిప్పి పంపుతున్నాను. డిసెంబర్‌లో అవి కవర్లో పెట్టేటప్పుడు నీకు ఏం తెలుసో, ఏం తెలియదో నువ్వే చెప్పాలి.

ఇక్కడ మాకెలా తెలిసిందో రాస్తాను. మీ ఆఫీసు నుంచి ఎవరూ చెప్పలేదు. నిన్న ఉదయం మొదటి పడవలో పత్రికల కట్ట దిగింది. టికెట్టు ముసలాయన కట్ట విప్పి చూసి, తిన్నగా వచ్చి పిన్ని బల్ల మీద పెట్టాడు. 'కురమోచికి బదులుగా ఇసోబె హరుయుకి ఉత్తరాది జట్టుకి.' హరుని పూర్తి పేరుతో వేశారు. ఆమెకి కళ్ళద్దాలు లేవు. "ఏముంది ఇందులో, మావాడి బొమ్మ వేశారే, ఏదైనా బహుమానమా?" అని అడిగింది. ఆయన నా కోసం మనిషిని పంపాడు. నేనే వెళ్ళి చదివాను. నవంబర్‌లో నీ ఉత్తరం చదివిన ఆ చోటే నిలబడి చదివాను.

ఆమె ఏడవలేదు. పొయ్యి ఆపి, "అంటే హరు పేరు అందులో రాయలేదన్నమాట" అంది. అంతే.

వాడు కొత్త సంవత్సరానికి వచ్చి, ఐదో తేదీదాకా ఉండి, పిల్లదాన్ని భుజాల మీద ఎక్కించుకుని కొండ మీద గుడికి తీసుకెళ్ళాడు. దారిలో నాతో, "అక్కా, ఇంకో రెండేళ్ళు ఆడి, కొంగల చొక్కాతోనే ఆపేస్తాను" అన్నాడు. ఇప్పుడు ఉత్తరాదికి పోనంటే ఆటే ఆడనివ్వరట కదా, మీ కట్టుబాటు అదేనట. వాడు దక్షిణానికి తన కాళ్ళ మీద తాను నడిచి వెళ్ళేవాడు. ఉత్తరానికి పెట్టెలో పెట్టి పంపిన సామానులా వెళుతున్నాడు. భార్యా బిడ్డా వెంట వెళ్ళడం లేదు. మోచెయ్యి బాగాలేనివాడు ఆ మంచులోకి.

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని ఊరికే అన్నారా. ఇరవై ఎనిమిదిమందిలో హరు కన్నా విలువైనవాళ్ళు ఎవరో నాకు చెప్పు. నేను మీ జట్టంతా ఎరుగుదును.

నువ్వు ఆటగాళ్ళని ఎంచే కూర్పు విభాగంలో రెండో స్థానానికి ఎక్కావనీ అదే పత్రికలో ఉంది. మూడో పేజీలో.

సుమియే

---

జనవరి 18

అక్కా,

నువ్వు ఏమన్నా పడతాను. కానీ రెండు విషయాలు సరిచెయ్యాలి. నా పదోన్నతి అక్టోబర్‌లోనే ఖాయమైంది, దానికీ దీనికీ సంబంధం లేదు. టికెట్లు ప్రతి ఏడూ పంపేవే.

ఇరవై ఎనిమిదిలో హరు లేడు. నిజం. నలుగురు పంతొమ్మిదేళ్ళ పిచర్లని దాచాం. ఉత్తరాదివాళ్ళకి కావలసింది కుర్రాళ్ళని మా అంచనా. ముప్ఫైనాలుగేళ్ళవాణ్ణి, మోచేతికి ఆపరేషన్ అయినవాణ్ణి ఎవరు తీసుకుంటారు? పైగా మా రంగంలో ఒక మర్యాద ఉంది. పుట్టిన ఊరి జట్టుకి పదహారేళ్ళు ఆడినవాడి మీద ఎవరూ వేలు పెట్టరు. జాబితాలో పేరు లేకపోయినా చూడనట్టు దాటేస్తారు. మనమూ అలాగే చేస్తూ వచ్చాం. అలాంటివాడికి ఒక చోటు ఖర్చు చెయ్యడమంటే ఆ మర్యాదని నమ్మనట్టు. ఈసారి వాళ్ళ డైరెక్టరు కొత్తవాడు, కంపెనీ నుంచి వచ్చాడు. జాబితాలో లేనివాళ్ళందరిలో మంచి ఎడమచేతి పిచర్ ఎవరో చూసి, వేలు పెట్టాడు. మునకాత గారు ఫోన్ పెట్టేశాక చాలాసేపు లేవలేదు.

పందెం వేశాం, ఓడాం. నేనూ చెయ్యెత్తాను, కాదనను. కానీ నవంబర్‌లో రాసినప్పుడు నేను అబద్ధం రాయలేదు. అప్పటికి జాబితా లేదు.

ఇది ఆటక్కా. రేపు హరుని మళ్ళీ తెచ్చుకునే వీలు లేకపోలేదు. పిన్నికి నువ్వే కాస్త సర్దిచెప్పు.

కోహేయి

---

ఫిబ్రవరి 3

కోహేయి,

సర్దిచెప్పమన్నావు. ఎదురింటి గుమ్మం ఎక్కి ఇరవైమూడు రోజులైంది. ఈ రోజు చెడుని తరమడానికి ఇంటింటా వేయించిన గింజలు చల్లుతారు కదా. ఏటా నా గింజలు పిన్నికీ, ఆమెవి నాకూ ఇచ్చిపుచ్చుకునేవాళ్ళం. ఈ సాయంత్రం ఆమె తలుపు వేసుకుని ఒక్కతే చల్లుకుంది. "చెడు బయటికి, మంచి లోపలికి" అని ఆమె గొంతు నాకు వినిపించింది. మీ బావ, "మనం ఏ వైపు లెక్కో" అన్నాడు. ఆయన వేళాకోళానికే అన్నాడు. నాకు నవ్వు రాలేదు.

మర్యాద అన్నావు. ఇరుగుపొరుగువాళ్ళు దొంగలు కారని తలుపు తెరిచి పడుకోవడం మర్యాదే. కానీ తెరిచిన తలుపు దగ్గర ఎవరిని పడుకోబెట్టారో చూసుకోవాలి కదా.

నీ ఉత్తరాలు అన్నీ నా దగ్గర కట్టగా ఉన్నాయి. నువ్వు దీవి వదిలి వెళ్ళినప్పటి నుంచి, ఈ గొడవ బయటపడేదాకా, నాకు నెల తిరక్కుండా జవాబు రాసిన సందర్భం ఒక్కటే. నవంబర్ 7. నాన్న పోయినప్పుడు కూడా నువ్వు ఎక్స్‌ప్రెస్ బిళ్ళ అంటించలేదు. కొంగకి కాలు, హరు నాన్న ముందు మోకాళ్ళు, కడదాకా మాట. నువ్వు అలా రాసేవాడివి కాదు. 'అందింది, బాగున్నాం' అని రాసేవాడివి. చివరి వరస మళ్ళీ చదివాను. 'హరు కూడా తొందరపడకుండా ఉంటే మంచిది.'

అప్పటికి పదమూడో తేదీకి ఇంకా ఆరు రోజులున్నాయి. నేను ఉత్తరం పట్టుకుని రేవుకి పరుగెత్తుతానని నీకన్నా బాగా ఎవరికి తెలుసు?

ఒక్కటే అడుగుతున్నాను. ఆ ఉత్తరం నువ్వు నాకు రాశావా, నా ద్వారా ఎదురింటికి రాశావా?

నిజం రాయి. నేను నీకు పాలు పట్టి, లెక్కలు నేర్పినదాన్ని. గుండ్రంగా తిప్పి రాస్తే పట్టుకోగలను.

సుమియే

---

ఫిబ్రవరి 24

అక్కా,

శిక్షణ శిబిరం నుంచి రాస్తున్నాను. మూడుసార్లు రాసి చింపేశాను.

నవంబర్ 6న నీ ఉత్తరం నా బల్ల మీద ఉండగా మునకాత గారు చూశారు. హరు ఆ కాగితం ఇస్తాడేమోనని అప్పటికి ఆయన రెండు వారాలుగా మథనపడుతున్నారు. మేము పిలిచి బతిమాలితే హరు ధర పెరుగుతుంది, వేరే ఆటగాళ్ళూ అదే దారి పడతారు. "మీ అక్క ఆ తల్లికి ఎదురిల్లేనా?" అని అడిగారు. అవునన్నాను. "అయితే మీ అక్కకి జవాబు రాయండి" అన్నారు. ఏం రాయాలో చెప్పలేదు. చెప్పనవసరం లేదని ఆయనకి తెలుసు.

రాసినదంతా నేను నమ్మే రాశాను. అది కూడా నిజమే అక్కా. రాస్తూ రాస్తూ నాకే కన్నీళ్ళు వచ్చాయి. నెల తర్వాత అదే చేత్తో ఇరవై ఎనిమిది పేర్లు రాస్తున్నప్పుడు, ఇరవై ఎనిమిదో చోట హరు పేరు రాసి కొట్టేసి కుర్రాడి పేరు రాశాను. ఎవరూ తీసుకోరని అనుకున్నాను.

వాడు వెళ్ళేముందు ఆఫీసుకి వచ్చి అందరికీ వంగి వంగి దణ్ణాలు పెట్టాడు. నాకు ఇంకొంచెం ఎక్కువ వంగాడు. "ఇన్నేళ్ళు చూసుకున్నారు అన్నా" అన్నాడు.

ఏం చెయ్యమంటావో చెప్పు.

కోహేయి

---

మార్చి 1

నేను చెప్పేదేముంది. ఆ ఉత్తరాన్ని నా చేత మోయించావు. ఈసారి నేను మోయను. పిన్ని ఉదయం నుంచి చీకటి పడేదాకా రేవులోనే ఉంటుంది. పడవ దిగితే ఎదురుగానే కనిపిస్తుంది. వెళ్ళి నీ నోటితో చెప్పు. అంతవరకు నాకు రాయకు.

సుమియే

---

మే 10

కోహేయికి,

రాయవద్దన్నదాన్ని నేనే కాబట్టి నేనే రాస్తున్నాను.

ఏప్రిల్ చివరి సెలవు రోజున మధ్యాహ్నం పడవలో వచ్చావట. తర్వాతి పడవలో వెళ్ళిపోయావట. మా ఇంటి మెట్టు ఎక్కలేదు. మంచి పని చేశావు, ఎక్కితే ఏం వడ్డించాలో నాకు తెలిసేది కాదు.

పిన్ని పది రోజులు ఆ సంగతి ఎత్తలేదు. నిన్న తనే మా గుమ్మంలోకి వచ్చింది, జనవరి తర్వాత మొదటిసారి. చేతిలో వడల పొట్లం లేదు. కూర్చోమంటే కూర్చోలేదు. ఆమె చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

"మీ తమ్ముడు గారు వచ్చారమ్మాయ్. అంతమంది ముందు నేల మీద మోకరిల్లి మొత్తం చెప్పారు. నాకు సిగ్గేసింది, పడవ దిగినవాళ్ళు చూస్తున్నారు. లేవండి, బట్టలు పాడవుతాయి అన్నాను. ఇప్పుడే ఉత్తరాదికి వెళ్ళి హరుకి కూడా చెప్పేస్తాను అన్నారు. అప్పుడు చెయ్యి పట్టుకుని ఆపాను. వద్దు బాబూ, ఆ పని చెయ్యకండి అన్నాను. ఆ ఉత్తరం వెనక ఎవరున్నారో మావాడికి తెలియదు, ఆ కాగితం ఇవ్వకుండా ఆగింది వాడంతట వాడే అనుకుంటున్నాడు. కొంగలంటే ఇష్టంతో ఆగాను, దురదృష్టం కొద్దీ వెళ్ళాల్సొచ్చింది అనుకుంటున్నాడు. ఆ మంచులో వాడికి ఉన్న దుప్పటి అదొక్కటే. మీ మనసు తేలిక కావడానికి దాన్ని లాగెయ్యకండి."

నిన్ను పుట్టినప్పటి నుంచి 'ఒరేయ్ కోహే' అని పిలిచిన మనిషి. 'మీ తమ్ముడు గారు' అంది.

వెళుతూ నాతో, "నువ్వూ చెప్పకు" అంది. చెప్పనని మాటిచ్చాను. మాటివ్వడం ఇప్పుడు నాకు భయంగా ఉంది, అయినా ఇచ్చాను.

హరు అక్కడ రెండో జట్టులో ఉన్నాడు. చలికి మోచెయ్యి బిగుసుకుంటోందట. పిన్ని ఇంట్లో ఫోన్ లేదు, పైగా రేవులో ఉంటుంది కాబట్టి ఆదివారం ఆదివారం ఇక్కడికే చేసి ఆమె క్షేమం కనుక్కుంటాడు. నేను ఎత్తగానే వాడి మొదటి మాట, "అక్కా, కొంగలు గెలిచాయా?" గెలిచాయని చెబుతాను. ఎవరు ఎలా ఆడారో అన్నీ అడుగుతాడు. నా పుస్తకం తెరిచి చదువుతాను. "బాగుంది, బాగుంది, మనం పైకొస్తున్నాం" అంటాడు. మనం అంటాడు. వాడి కోసం నేను ఇంకా ప్రతి ఆటా వినాలి, ప్రతి ఆటా రాయాలి. వినడం మానేద్దామని మార్చిలోనే అనుకున్నదాన్ని.

ఇంకొకటి కూడా రాయాలి, లేకపోతే నేను లెక్క తప్పు రాసినట్టవుతుంది. జట్టు రెండో స్థానంలో ఉంది. స్టేడియం నిండుతోందని రేడియోలోనే తెలుస్తోంది, ఆ హోరు వేరు. నువ్వు దాచిన కుర్రాళ్ళలో ఒకడు ఎనిమిదో ఇన్నింగ్స్‌లో నిలబడుతున్నాడు. కురమోచి గురించి నేను చెప్పిందంతా తప్పయింది. ఆ మోకాలితోనే కొడుతున్నాడు. మీ పందెం గెలిచేలా ఉంది. ఎవరైనా అడిగితే మునకాత గారు అదే చెప్పుకుంటారు, పత్రికలూ అదే రాస్తాయి. హరు పేరు ఎక్కడా ఉండదు.

నిన్న సాయంత్రం తొమ్మిదో ఇన్నింగ్స్‌లో ఒక పరుగు వెనకబడి ఉన్నాం. కురమోచి వచ్చాడు. రెండో బంతినే ప్రేక్షకుల మధ్యలోకి కొట్టాడు, హోమ్ రన్. రేడియోలో ఆ చప్పుడు వినగానే నేను లేచి నిలబడి రెండు చేతులూ పైకెత్తాను. ఈ వయసులో, వంటింట్లో, చిన్నపిల్లలాగా. చప్పట్లు కొట్టబోయాను.

ఎదురింటి కిటికీ తెరిచి ఉంది. పిన్ని అక్కడ కూర్చుని బఠాణీలు ఒలుచుకుంటోంది.

ఎత్తిన చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక రేడియో ఆపేశాను.

సుమియే